శ్రీహరికోట పక్షుల నమోదు చరిత్ర: చూసిన మాట నుంచి ఆధారం దాకా

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• శ్రీహరికోట, పులికాట్ ప్రాంతాల్లో పక్షులను గమనించి నమోదు చేసే పద్ధతి ఎలా మారుతూ వచ్చిందో వివరించగలుగుతారు.
• ఒక వ్యక్తి చూసిన విషయం చారిత్రక ఆధారంగా మారడానికి ఏమేమి అవసరమో చెప్పగలుగుతారు.
• నమోదుల్లో పేరు కనిపించని స్థానికుల పాత్రను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

చరిత్రకు ఆధారాలు అనగానే మీకు శాసనాలు, నాణేలు, కైఫీయత్తులు, ప్రభుత్వ దస్తావేజులు గుర్తుకు వస్తాయి. "ఫలానా తేదీన, ఫలానా చెరువులో, ఫలానా పక్షిని ఇన్ని చూశాను" అని ఒకరు తన నోటుపుస్తకంలో రాసుకున్న వాక్యం కూడా ఆధారమేనా? అవుననే ఈ పాఠం చెబుతుంది. ఒక చెరువు ఎప్పుడు ఎండింది, ఒక అడవి ఎప్పుడు తరిగింది అనే ప్రశ్నలకు కొన్నిసార్లు రెవెన్యూ దస్తావేజుల కంటే పక్షుల నమోదులే స్పష్టమైన జవాబు ఇస్తాయి. అయితే చూసినంత మాత్రాన అది ఆధారం కాదు. చూసినవారు దాన్ని రాయాలి, ఇతరులతో పంచుకోవాలి, అది పరీక్షకు నిలబడాలి.

2. ప్రాంత స్వరూపం

శ్రీహరికోట ఒక ద్వీపం. దానికి తూర్పున బంగాళాఖాతం, పడమర పులికాట్ సరస్సు ఉన్నాయి. ఉప్పునీటి సరస్సుల్లో మన దేశంలో చిలికా తరువాత పెద్దది పులికాటే. ఈశాన్య రుతుపవనాల వానలకు అక్టోబరు నుంచి సరస్సులోకి మంచినీరు చేరుతుంది. ఆ కాలంలోనే ఉత్తరాది నుంచి, మధ్య ఆసియా, సైబీరియా ప్రాంతాల నుంచి వలస పక్షులు వస్తాయి. సరస్సు లోతు తక్కువ కాబట్టి పొడవు కాళ్ల రాజహంసలు, అంటే ఫ్లెమింగోలు, నీళ్లలో నిలబడి మేత వెతుక్కోగలవు. దొరవారిసత్రం దగ్గరి నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. పులికాట్, నేలపట్టు రెండింటినీ 1976లో పక్షుల రక్షిత కేంద్రాలుగా ప్రకటించారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ వరకు నెల్లూరు జిల్లాలో ఉండేది, తరువాతే తిరుపతి జిల్లాలో చేరింది. అందువల్ల పాత నమోదుల కోసం మీరు 'తిరుపతి' అనే పేరు కింద వెతికితే ఏమీ దొరకదు. నెల్లూరు పేరు కింద, కొన్నిసార్లు మద్రాసు రాష్ట్రం కింద వెతకాలి.

3. కంపెనీ కాలం: వైద్యుడు, యానాదులు

ఈ ప్రాంతపు జీవజాలాన్ని పరిశీలించిన తొలి ఐరోపా వారిలో ముఖ్యుడు టి. సి. జెర్డన్. ఈస్టిండియా కంపెనీ కొలువులో వైద్యుడైన ఆయన 1840 దశకం తొలి సంవత్సరాల్లో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. యానాదులను అడిగి స్థానిక జంతువులు, పక్షుల గురించి ఎంతో తెలుసుకున్నాడు. 1862-64 మధ్య వెలువడిన ఆయన గ్రంథం 'బర్డ్స్ ఆఫ్ ఇండియా'లో పక్షులకు తెలుగు పేర్లు కూడా కనిపిస్తాయి. ఆ పేర్లు ఆయన పుట్టించినవి కావు. ఎవరో చెబితేనే ఆయన రాసుకున్నాడు. కాని పుస్తకంలో పేరు మిగిలింది, చెప్పినవారి ఊరూ పేరూ మిగలలేదు.

శ్రీహరికోట అడవిలో తరతరాలుగా బతికినవారు యానాదులు. తేనె, మైనం, మూలికల సేకరణ వారి జీవనాధారం. ఏ కాలంలో ఏ పక్షి ఏ చెట్టు మీద ఉంటుందో తెలియడం వారికి కాలక్షేపం కాదు, బతుకుతెరువులో భాగం. అయితే ఆ జ్ఞానం నోటి మాటగానే సాగింది. అందువల్ల మన గ్రంథాలయాల్లో అది ఇతరుల రాతల గుండానే దొరుకుతుంది.

ఇటువంటిదే గోదావరి ప్రాంతంలోని మరో ఉదాహరణ చూద్దాం. ఇందుచూడన్ అనే కలం పేరుతో ప్రసిద్ధుడైన కె. కె. నీలకంఠన్ 1946లో పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో గూడబాతుల పెద్ద స్థావరాన్ని చూసి, 1949లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో దాని గురించి రాశారు. దీన్ని 'కనుగొనడం' అంటారు. ఆ ఊరివారికి మాత్రం ఆ పక్షులు ముందునుంచీ తెలిసినవే. ఈ పాఠం రాస్తున్న నేను కూడా చాలాకాలం 'కనుగొన్నారు' అనే మాటను అనుమానించకుండానే బోధించాను. 'లోకానికి తెలియజేశారు' అనడం న్యాయంగా ఉంటుందని ఇప్పుడు నా అభిప్రాయం. తెలియజేయడం చిన్న పనేమీ కాదు. ఆ స్థావరం తరువాతి కాలంలో అంతరించింది. నీలకంఠన్ రాసి ఉండకపోతే అక్కడ అంత పెద్ద స్థావరం ఉండేదని మనం నమ్మడమే కష్టమయ్యేది.

4. రాకెట్ కేంద్రం వచ్చిన తరువాత

1969లో శ్రీహరికోటను రాకెట్ ప్రయోగాలకు ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న రోహిణి-125 సౌండింగ్ రాకెట్ ప్రయోగంతో కేంద్రం పని మొదలైంది. ద్వీపంలోని నివాసులను వేరే చోట్లకు తరలించారు. అక్కడి అడవిలో తరతరాలుగా తిరిగిన యానాదుల రాకపోకలు కూడా తగ్గిపోయాయి.

దీనివల్ల రెండు ఫలితాలు వచ్చాయి. ప్రవేశం కట్టుదిట్టం కావడంతో ద్వీపంలోని పొడి సతతహరిత అడవి చాలావరకు నిలిచింది. కోరమాండల్ తీరంలో ఇటువంటి అడవి మరెక్కడా ఇంత విస్తారంగా మిగలలేదని చెప్పవచ్చు. మరోవైపు, సాధారణ పక్షి వీక్షకులు లోపలికి వెళ్లే వీలు లేకపోయింది. ద్వీపం లోపలి పక్షుల వివరాలు అనుమతి పొందిన పరిశోధకుల ద్వారానే వచ్చాయి. బయటివారి నమోదులు ఎక్కువగా సూళ్లూరుపేట నుంచి సరస్సు మీదుగా శ్రీహరికోట వెళ్లే రోడ్డు పక్కన, అటకానితిప్ప వంటి చోట్ల రాసుకున్నవి.

చరిత్ర విద్యార్థిగా మీరు ఇక్కడ జాగ్రత్తపడాలి. రోడ్డు పక్కన ఎక్కువ పక్షులు నమోదైతే, పక్షులు అక్కడే ఎక్కువని అర్థం కాదు. చూసేవారు అక్కడ ఎక్కువ. నమోదు లేకపోవడం, పక్షి లేకపోవడం ఒకటి కావు.

ఈ కేంద్రానికి 2002లో సతీష్ ధావన్ పేరు పెట్టారు. 1972 నుంచి 1984 వరకు ఇస్రో అధ్యక్షుడిగా ఉన్న ఆయనకు పక్షుల మీద శాస్త్రీయ ఆసక్తి ఉండేది. పక్షులు గాలిలో ఎలా ఎగురుతాయో వివరిస్తూ ఆయన రాసిన 'బర్డ్ ఫ్లైట్' 1991లో వెలువడింది.

5. సంఘాలు, పత్రికలు, లెక్కింపులు

స్వాతంత్ర్యం తరువాత పక్షి వీక్షణం క్రమంగా పౌరుల పని అయింది. 1978లో ఏర్పడిన మద్రాస్ నేచురలిస్ట్స్ సొసైటీ సభ్యులకు పులికాట్ దగ్గరి గమ్యం. హైదరాబాదులో 1980లో ఆంధ్రప్రదేశ్ పక్షి వీక్షకుల సంఘం ఏర్పడి 'మయూర', తరువాత 'పిట్ట' అనే పత్రికలు నడిపింది. ఇటువంటి చిన్న పత్రికల ద్వారా ఒకరి నోటుపుస్తకంలోని విషయం పదిమందికి చేరింది. తప్పు ఉంటే తరువాతి సంచికలో మరొకరు సరిదిద్దే వీలు కలిగింది.

దూరవిద్యార్థులుగా మీకు ఆసక్తి కలిగించే విషయం ఒకటుంది. మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీని 1991లో పక్షుల సంరక్షణ ప్రదేశంగా ప్రకటించారు. అక్కడి పక్షి అధ్యయన సంస్థ ఇంటి దగ్గరే చదువుకునే విధంగా పక్షి శాస్త్రంలో ఒక కోర్సు నడిపింది. అంటే ఈ విద్య కూడా మీలాగే తపాలా మీద ఆధారపడి నడిచింది.

1987లో ఆసియా నీటిపక్షుల గణన మొదలైంది. ఏటా జనవరిలో స్వచ్ఛంద కార్యకర్తలు చెరువులు, సరస్సుల దగ్గర పక్షులను లెక్కిస్తారు. 2001 నుంచి సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండుగ జరుగుతూ వస్తోంది. 2002లో అమెరికాలోని కార్నెల్ పక్షి పరిశోధనశాల ప్రారంభించిన ఈబర్డ్ వల్ల చూసిన రోజే నమోదు చేసే వీలు కలిగింది. ఇటువంటి నమోదుల ఆధారంగానే 2023లో భారతదేశ పక్షుల స్థితి నివేదిక వెలువడింది. 30,000 మందికి పైగా వీక్షకులు ఇచ్చిన సుమారు 3 కోట్ల నమోదులతో 942 జాతుల స్థితిని అందులో అంచనా వేశారు.

6. కలివికోడి: ఒక కబురు విలువ

నమోదు వల్ల ఏం జరుగుతుందో తెలియాలంటే కలివికోడి కథ చూడాలి. జెర్డన్ వెలుగులోకి తెచ్చిన ఈ పక్షికి 1848లో శాస్త్రీయ నామం పెట్టారు. 1900 తరువాత దాని జాడ నమోదు కాలేదు. అంతరించిందనే చాలామంది భావించారు. 1986 జనవరిలో కడప జిల్లాలో ఒక స్థానిక వేటగాడు రాత్రిపూట దాన్ని పట్టుకున్నాడు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ అది కలివికోడేనని నిర్ధారించారు. పొదల అడవిలో రాత్రి తిరిగే ఆ పక్షి జాడ తెలుసుకోవడానికి వేటగాడి చూపు ఎంత అవసరమైందో, అది ఏ పక్షో తేల్చడానికి పరిశోధకుడి చదువు అంతే అవసరమైంది.

ఆ కబురుతో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తెలుగు గంగ కాలువ మార్గం కూడా మార్చవలసి వచ్చింది. అయితే పట్టుబడిన పక్షి కొద్ది రోజులకే చనిపోయింది. అరుదైన పక్షి గురించిన సమాచారం దానికి రక్షణ ఇవ్వగలదు, హానీ చేయగలదు. అందుకే ఈబర్డ్ కలివికోడి వంటి జాతుల కచ్చితమైన స్థలాన్ని బహిరంగంగా చూపదు.

7. నమోదును పరీక్షించే పద్ధతి

ఒక పక్షి నమోదు మీ చేతికి వస్తే ఈ ప్రశ్నలు వేయండి.

ఎవరు, ఎప్పుడు, ఎక్కడ చూశారు? చూసిన రోజే రాశారా, ఏళ్ల తరువాత గుర్తు చేసుకుని రాశారా? గుర్తింపుకు ఏ లక్షణాలు చెప్పారు? ఉదాహరణకు పులికాట్‌లో అరుదైన చిన్న రాజహంసను చూశామని ఎవరైనా రాస్తే, ముక్కు రంగు చెప్పారా అని చూడాలి. పెద్ద రాజహంస ముక్కు గులాబీ రంగులో ఉండి కొన మాత్రం నల్లగా ఉంటుంది. చిన్నదాని ముక్కు ముదురు ఎరుపు. ఆ సంగతి లేకుండా 'చిన్నగా ఉంది' అంటే చాలదు. పిల్ల పక్షి కూడా చిన్నగానే ఉంటుంది.

పేర్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఇప్పుడు రాజహంస అంటే మనకు ఫ్లెమింగో. కాని పాత కావ్యాల్లోని 'హంస' ఫ్లెమింగోయే అనుకోరాదు. ఆ పదం వేర్వేరు పక్షులను సూచించి ఉండవచ్చు.

8. సారాంశం

శ్రీహరికోట పక్షుల గురించి మొదట తెలిసినవారు అక్కడ బతికినవారు. తరువాత కంపెనీ ఉద్యోగులు రాశారు, ఆ తరువాత సంఘాలు పంచుకున్నాయి, నేడు వేలమంది నమోదు చేస్తున్నారు. ప్రతి దశలోనూ కొంత జ్ఞానం నిలిచింది, కొందరి పేర్లు జారిపోయాయి. చూసినవారితోపాటు చూపించినవారి పేరు కూడా రాయడం, వారికి అభ్యంతరం లేకపోతే, నేటి వీక్షకుడి బాధ్యత.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. 'నమోదు లేకపోవడం, పక్షి లేకపోవడం ఒకటి కావు.' శ్రీహరికోట ఉదాహరణతో వివరించండి.
2. కలివికోడి విషయంలో స్థానికుడి పాత్ర, పరిశోధకుడి పాత్ర తెలపండి.

క్షేత్ర కృత్యం: మీ ఊరి చెరువుకు ఒకప్పుడు వచ్చి ఇప్పుడు రాని పక్షి గురించి ఒక పెద్దవారిని అడగండి. వారు చెప్పిన పేరును వారి మాటలోనే రాయండి. ఏ కాలంలో వచ్చేదో, ఎప్పటి నుంచి రావడం లేదో రాసి, కింద తేదీ వేయండి. వారు ఒప్పుకుంటే వారి పేరు ముందు రాసి, మీ పేరు తరువాత రాయండి.