కూలీలు అడిగిన మస్టర్ రోళ్లు

సర్కారు కాగితాన్ని మనం చూడవచ్చునా? 1923 నాటి అధికార రహస్యాల చట్టాన్ని చూపి చాలాకాలం కాదన్నారు. 1994లో రాజస్థాన్‌లోని కోట్‌కిరానా గ్రామంలో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ పంచాయతీ పనుల లెక్కలను ఊరందరి ముందు చదివించింది. దొంగ పద్దులు బయటపడ్డాయి. నకళ్లు ఇమ్మంటూ 1996లో బ్యావర్‌లో 40 రోజులు ధర్నా సాగింది. 1997లో తమిళనాడు చట్టం చేసింది. 2005లో జాతీయ స్థాయిలో సమాచార హక్కు చట్టం వచ్చింది. అడిగిన 30 రోజుల్లో జవాబు రావాలి.

అయితే దరఖాస్తు ఇంగ్లీషులో, హిందీలో లేదా ఆ ప్రాంతపు అధికార భాషలో ఉండాలి. మరి తమిళం మాట్లాడగలిగినా రాయలేని హోసూరు తెలుగు రైతు మాటేమిటి? అటువంటివారు నోటితో చెబితే, రాతలో పెట్టడానికి అధికారే సాయపడాలని 6వ సెక్షన్ చెబుతోంది. ఆ సాయం అడగడానికి మొహమాటపడకండి.