కీళ్ల యంత్రాంగాలు: జంషెడ్‌పూర్ చరిత్ర

తలుపు రెక్కను చట్రానికి పట్టి ఉంచే బందుకు తెలుగులో కీలు అనే పేరూ ఉంది. మోకాలి దగ్గర ఎముకలు కలిసే చోటు కూడా కీలే. బొమ్మలాటలో చేతులు ఊగేది కీళ్ల మీదే. జానపద కథల్లో మీట తిప్పగానే ఎగిరే గుర్రం కీలుగుర్రం. ఇంజనీర్లు లింకేజీ అనేది ఈ కుటుంబానికే చెందుతుంది. గట్టి కడ్డీలను కీళ్లతో గొలుసులా కలిపి, ఒక చోట ఇచ్చిన కదలికను మరో చోట కావలసిన తీరులో రాబట్టే అమరిక అది. ఈ విద్య భారతదేశంలో కొలిమి నుంచి తయారీ దాకా ఒకే ఊళ్లో చేరిన చోట్లలో, ఇప్పటి జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్ ముఖ్యమైనది.

మూడు కడ్డీలను మూడు కీళ్లతో కలిపితే త్రిభుజం బిగుసుకుపోతుంది. నాలుగోది చేరితేనే కదలిక పుడుతుంది. అందుకే నాలుగు కడ్డీల గొలుసు ఈ శాస్త్రానికి ఓనమాలు. ఆఫీసు తలుపు పైభాగాన ఉండే డోర్ క్లోజర్‌ను చూడండి: చట్రం, తలుపు, మధ్యలో రెండు మడత చేతులు, లెక్కకు నాలుగు. దర్జీ తొక్కే కుట్టుమిషన్‌లో పెడలు, దాని నుంచి పైకి వెళ్లే కడ్డీ, చక్రం, మిషన్ కాళ్ల చట్రం కలిపి మరో నాలుగు. పెడలు ఊగుతుంది, చక్రం పూర్తిగా తిరుగుతుంది. ఏ కొలతలుంటే ఇలా పూర్తి చుట్టు సాధ్యమో జర్మన్ ఇంజనీరు ఫ్రాంజ్ గ్రాషోఫ్ 1883లో సూత్రంగా చెప్పాడు. అన్నిటికంటే పొట్టి కడ్డీ, అన్నిటికంటే పొడుగు కడ్డీ కలిపిన పొడవు మిగతా రెండింటి మొత్తాన్ని మించకూడదు. ఇనప బీరువా పిడి తిప్పితే లోపల చిన్న బిళ్ల తిరిగి, ఒక కడ్డీని పైకీ మరోదాన్ని కిందికీ నెట్టి చట్రంలోకి దూరుస్తుంది. దుకాణాల ముందు మడిచే గేటులో ఇంటూ గుర్తుల వరస ఒకేసారి ముడుచుకుంటుంది. రెండింటిలోనూ ఉన్నది ఇదే విద్య.

ఐరోపాలో ఈ శాస్త్రాన్ని ముందుకు తోసింది ఒక చిక్కు ప్రశ్న: గుండ్రంగా తిరిగే కీళ్లతో సరళరేఖ గీయడం ఎలా? జేమ్స్ వాట్ 1784లో పేటెంటు పొందిన సమాంతర చలన అమరికలో ఆవిరి యంత్రపు పిస్టన్ కడ్డీ దాదాపు నిటారుగా నడిచింది. తన ఆవిష్కరణలన్నిటిలోనూ దీని గురించే ఎక్కువ గర్వపడతానని వాట్ కొడుక్కి రాశాడు. కచ్చితమైన సరళరేఖ 1864లో ఫ్రెంచి సైనికాధికారి పోసెలియే చేతిలో తేలింది. అప్పటికి చదును తలాల్నీ గాడుల్నీ నునుపుగా చెక్కే యంత్రాలు వచ్చేసి, ఆ జవాబు కోసం ఎదురుచూసే కార్ఖానా లేకుండా పోయింది. గణితజ్ఞులు మురిసిపోయారు, ఫిట్టర్లు పట్టించుకోలేదు.

ఉక్కు ముందు, కీళ్లు తరవాత

టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ 1907లో ఏర్పడింది. సాక్చీ గ్రామం దగ్గర కట్టిన కర్మాగారంలో 1912లో ఉక్కు దిగింది. ఊరికి జంషెడ్‌పూర్ అన్న పేరు 1919లో వచ్చింది. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి పనికి వెళ్లిన తెలుగువారు అక్కడ స్థిరపడ్డారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వారి చిరునామా. అయితే తొలి దశాబ్దాల్లో ఆ ఊరు చేసింది ఉక్కు. దాన్ని చేసే యంత్రాలు విదేశాల నుంచి దిగాయి. కదిలే కీళ్ల కంటే కదలని కీళ్లకే ఈ ఉక్కు ముందు పేరు తెచ్చింది: 1943లో తెరిచిన హౌరా వంతెనలో ఎక్కువ భాగం ఇక్కడి ఉక్కే, దాన్ని రివెట్లతో బిగించారు.

రైలింజన్లు కట్టాలని 1920ల మొదట్లో పెనిన్సులర్ లోకోమోటివ్ కంపెనీ ఇక్కడే షెడ్లు లేపింది. ఆర్డర్లు దొరకక మూతపడింది. ఆ షెడ్లు ఈస్టిండియన్ రైల్వే చేతికి వెళ్లి, 1945లో టాటాల చేతికి వచ్చాయి. అదే టెల్కో (టాటా ఇంజనీరింగ్ అండ్ లోకోమోటివ్ కంపెనీ) పుట్టుక. మ్యూనిక్‌కు చెందిన క్రౌస్ మాఫే సహకారంతో మీటర్ గేజ్ ఆవిరి ఇంజన్లు మొదలయ్యాయి. ప్రయాణికుల బండ్లకు వైపీ, గూడ్సు బండ్లకు వైజీ తరగతులు 1950లు, 60ల్లో టెల్కో నుంచి వచ్చాయి. గుంటూరు, గుంతకల్లు, సికింద్రాబాద్ మీటర్ గేజ్ దారుల పక్కన పెరిగినవారు వాటి చక్రాల పక్కన ఊగే కడ్డీలను చూసే ఉంటారు.

ఊగే ఆ కడ్డీల అమరికకు వాల్‌షార్ట్ వాల్వ్ గేర్ అని పేరు. బెల్జియం మెకానిక్ ఎజీడ్ వాల్‌షార్ట్ 1844లో రూపొందించాడు. చక్రం పిన్ను కొసకు బిగించిన చిన్న క్రాంకు ఒక కదలిక ఇస్తుంది, పిస్టన్ కడ్డీ కొసనున్న క్రాస్‌హెడ్ మరొకటి ఇస్తుంది. రెండూ ఒక నిలువు మీట దగ్గర కలిసి, సిలిండరులోకి ఆవిరిని వదిలే వాల్వును నడుపుతాయి. మధ్యలో వంపు తిరిగిన లింకు ఒకటి ఉంటుంది. డ్రైవరు రివర్సర్ తిప్పితే ఒక కడ్డీ ఆ వంపులో పైకో కిందికో జరుగుతుంది. మధ్యకు దగ్గరైన కొద్దీ ఆవిరి వెళ్లే వ్యవధి తగ్గి బొగ్గు ఆదా అవుతుంది. మధ్య దాటితే బండి వెనక్కి నడుస్తుంది. గేర్‌బాక్సు లేని ఇంజనుకు ముందుకు, వెనక్కు, పొదుపు మూడూ ఈ కడ్డీల మీదే ఆధారం. ఇంతటి తెలివిని ఇనుములో ఇంత బాహాటంగా పెట్టిన యంత్రం తరవాత రాలేదని నా అభిప్రాయం.

వైపీలో పిస్టన్ నడక 610 మిల్లీమీటర్లు, అంటే క్రాంకు చేయి అందులో సగం, 305. నడిపే చక్రం వ్యాసం 1,372 మిల్లీమీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఆ చక్రం సెకనుకు దాదాపు నాలుగు చుట్లు తిరుగుతుంది. ప్రతి చుట్టుకూ పిస్టన్ రెండుసార్లు దిశ మార్చుకుంటుంది. ఇంత దెబ్బ తినే పిన్నులకు మంచి ఉక్కు, సరైన కొలత, ఆగకుండా నూనె కావాలి. టెల్కోలో ఆవిరి ఇంజన్ల తయారీ 1970తో ముగిసింది.

లారీ ముందు ఇరుసు

కీళ్ల విద్య మాత్రం షాపు మారింది. టెల్కో 1954లో డైమ్లర్ బెంజ్‌తో ఒప్పందం చేసుకుని లారీల్లోకి దిగింది. 1969లో ఆ ఒప్పందం ముగిశాక లారీ ముక్కు మీద చుక్క గుర్తు పోయి టీ అక్షరం వచ్చింది. లారీ మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం చిన్న వృత్తంలో, బయటిది పెద్ద వృత్తంలో వెళ్లాలి కాబట్టి, లోపలిది ఎక్కువ కోణంలో వాలాలి. రెండు స్టీరింగ్ చేతులను కొద్దిగా లోపలికి వంచి టై రాడ్‌తో కలిపితే, ఇరుసుతో కలిసి అది నాలుగు కడ్డీల ట్రెపీజియం అవుతుంది. దీన్ని గుర్రపుబండి కోసం కనిపెట్టినవాడు గియోర్గ్ లాంకెన్‌స్పెర్గర్, మ్యూనిక్ బండి కట్టేవాడు. లండన్‌లో 1818లో పేటెంటు తీసుకున్నది అతని ప్రతినిధి రుడోల్ఫ్ ఆకర్‌మన్. పేరు ప్రతినిధికే మిగిలింది. జంషెడ్‌పూర్‌కు ఇంజన్ల పాఠమూ, స్టీరింగు మూలమూ ఒకే నగరం నుంచి వచ్చాయి, కాకతాళీయమే.

ఆ ట్రెపీజియం మూడు స్థితుల్లో మాత్రమే పూర్తిగా కచ్చితం: తిన్నగా వెళ్లేటప్పుడు, ఇటొక కోణంలో, అటొక కోణంలో. మిగతా చోట్ల తేడా టైరు భరిస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్‌కు ఈ లెక్కతో పని లేదు. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి చేత్తో ఊపి, కింగ్ పిన్ బుష్ అరిగిందో, టై రాడ్ ఎండ్ లూజయిందో చెప్పేస్తాడు. కీళ్ల యంత్రాల బతుకంతా ఆ లూజు మీదే. కడ్డీ విరగడం అరుదు. పిన్నుకూ బుష్‌కూ మధ్య సందు పెరగడం రోజువారీ సంగతి. బీరువా పిడి వేలాడినా, తలుపు ఈడ్చుకుపోయినా, స్టీరింగు ఊగినా జబ్బు ఒకటే.

చదువు వైపు చూస్తే, జంషెడ్‌పూర్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ 1921లో, ఇప్పుడు ఎన్‌ఐటీగా ఉన్న రీజనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ 1960లో మొదలయ్యాయి. కీళ్ల యంత్రాంగాలపై దేశమంతటా చదివే పాఠ్యగ్రంథాల్లో జె.ఎస్. రావు, ఆర్.వి. దుక్కిపాటి కలిసి రాసిన ‘మెకానిజం అండ్ మెషీన్ థియరీ’ ఒకటి.

చివరి మజిలీ తవ్వే యంత్రాలది. హిటాచీతో 1984లో కుదిరిన సాంకేతిక సహకారంతో టెల్కో హైడ్రాలిక్ ఎక్స్‌కవేటర్ల వైపు తిరిగింది. బకెట్టును నేరుగా సిలిండరుకు తగిలిస్తే అది తక్కువ కోణమే తిరుగుతుంది. మధ్యలో రెండు లింకులు పెట్టి నాలుగు కడ్డీల గొలుసు చేస్తే, చిన్న నెట్టుకు బకెట్టు మణికట్టులా ముడుచుకుంటుంది. మన ఊళ్లలో ఏ కంపెనీదైనా ప్రొక్లైనే. ఫ్రెంచి సంస్థ పోక్లేన్ పేరు అలా నిలిచిపోయింది. ఆపరేటరు పొద్దున్నే ఇంజను వేయకముందు గ్రీజు గన్ను తీసుకుని ఒక్కో పిన్ను దగ్గర ఆగుతాడు. పాత గ్రీజు నల్లగా బయటికి ఉబికి, వెనకే కొత్తది కనిపించాక తరవాతి పిన్నుకు వెళతాడు.