దీవికి తరలిన కాపురములు

చలిదేశములలో పుట్టినవారికి వెచ్చని దీవి యన్న మక్కువ యెక్కువ. మంచు కురియు ఊళ్ళను విడిచి, కొబ్బరిచెట్లును సముద్రపుగాలియు గల ద్వీపమునకు ఆలుబిడ్డలతో తరలిపోయి, అచ్చట సుఖముగా జీవింపవలెనని కోరువారు ఐరోపాఖండమున ఎందరో కలరు. శ్రీకాకుళ విజయనగర ప్రాంతములవారికి ఈ కోరిక వింతగా తోచును. మనకు ఎండయు కలదు, కొబ్బరియు కలదు, సముద్రమును కలదు. అయినను సుమారు నూటయెనుబది సంవత్సరములనాడే మన పల్లెలనుండి జనులు ఓడలెక్కి ఒక ఉష్ణద్వీపమునకు పోయి కాపురములు పెట్టిరి. ఆ ద్వీపము మారిషసు. మనవారు అచ్చటికి ఎండకొరకు పోలేదు; పొయ్యిలో నిప్పు రాజుకొనుటకు పోయిరి.

ఈ ప్రసంగములో నేను విచారింపదలచిన ప్రశ్న యొక్కటే. మన తీరమునుండి మారిషసునకు పోయినవారికంటె రంగమునకు, అనగా రంగూనునకు, పోయినవారు అనేకరెట్లు. రంగము దగ్గర, మారిషసు దూరము. రంగములో కూలి యెక్కువ, మారిషసులో తక్కువ. అయినను రంగము పోయినవారి బ్రతుకులు చాలవరకు చెదరిపోయెను. మారిషసు పోయినవారి కాపురములు నేటికిని నిలిచియున్నవి. దీనికి కారణమేమి?

ముందుగా ఆ ద్వీపము ఎచ్చటిదో చెప్పవలెను. ఆఫ్రికాఖండమునకు తూర్పున మడగాస్కరు అను పెద్ద ద్వీపము కలదు. దానికి ఇంకను తూర్పుగా, హిందూమహాసముద్రము నడుమ, మారిషసు ఉన్నది. దాని వైశాల్యము మన శ్రీకాకుళము జిల్లాలో సగముకూడ లేదు. శ్రీకాకుళము భూమధ్యరేఖకు ఉత్తరమున 18 డిగ్రీల దూరమున ఉండగా, మారిషసు దక్షిణమున 20 డిగ్రీల దూరమున ఉన్నది. కావున మనకు ఆషాఢము వచ్చునప్పటికి వారికి చలికాలము. మనము సంక్రాంతి చేసికొనునప్పటికి వారికి గాలివానల కాలము. తుపాను బాధ మనవారికి అచ్చటను తప్పలేదు. 1892 ఏప్రిలు 29వ తేదీని వచ్చిన తుపాను పోర్టు లూయీ పట్టణమున గొప్పభాగమును నేలగూల్చెను.

1810లో ఇంగ్లీషువారు ఆ ద్వీపమును ఫ్రెంచివారినుండి గెలుచుకొనిరి. చెరకుతోటలు మాత్రము ఫ్రెంచి యజమానుల చేతులలోనే నిలిచెను. ఆ తోటలలో ఆఫ్రికా, మడగాస్కరు దేశములనుండి తెచ్చిన బానిసలు పనిచేయుచుండిరి. 1835 ఫిబ్రవరి 1వ తేదీని బానిసత్వము రద్దయ్యెను. విముక్తులైనవారు కొరడా తిన్న చేలలో మరల అడుగుపెట్టుటకు ఇష్టపడరైరి. తోటల యజమానులు అంతకుముందే భారతదేశమువైపు చూచిరి. 1834 నవంబరు 2వ తేదీని కలకత్తానుండి బయలుదేరిన ‘అట్లాసు’ అను ఓడ 36 మంది కూలీలతో పోర్టు లూయీ చేరెను. అది మొదలు సుమారు ఎనుబది సంవత్సరములలో నాలుగున్నర లక్షలమంది భారతీయులు ఆ చిన్న ద్వీపమున కాలుమోపిరి. వారిలో మూడవవంతు మాత్రమే తిరిగివచ్చిరి.

ఇక ఆనాటి మన ప్రాంతపు స్థితి యెట్లుండెను? భూమి చాలవరకు జమీందారులది. విజయనగరము, బొబ్బిలి, పర్లాకిమిడి మున్నగు జమీలలో రైతునకు పొలముపై నిలకడైన హక్కు చట్టమున స్పష్టముగా లేకుండెను; దానిని నిలిపిన ఎస్టేటు భూముల చట్టము 1908లో గాని రాలేదు. ఇంగ్లండు మిల్లుబట్ట వచ్చి చేనేతవారి మగ్గములు మూలబడెను. వీటికి తోడు కరువులు. 1832-33 నాటి నందన కరువు ఉత్తర సర్కారులను పీడించెను. 1866లో ఒరిస్సాను నాశనము చేసిన కరువు గంజాము జిల్లాను కూడ పట్టుకొనెను. తిండిగింజలు లేని పాలేరునకు, అప్పులో మునిగిన నేతగానికి, దూరదేశమున నెలకు ఐదు రూపాయలును కూడును దొరకునని చెప్పినవాని మాట వేదవాక్యమువలె వినబడెను.

గోదావరి ముఖద్వారమున యానామునకు చేరువగా కోరంగి రేవు కలదు. 1839 నవంబరులో ఉప్పెన ఆ రేవును ముంచివేసెను. అంతకు ముందును వెనుకను తెలుగువారు ఆ రేవునుండి మారిషసునకు ఓడలెక్కిరి. 1843లో ‘కోరింగా ప్యాకెట్’ అను ఓడ మనవారిని తీసికొనిపోయిన సంగతి మారిషసు తెలుగువారు నేటికిని చెప్పుకొందురు. రేవు పేరే జాతి పేరయ్యెను. అటు మారిషసులోను ఇటు బర్మాలోను తెలుగువానిని ‘కోరంగి’ అని పిలిచిరి. తరువాత ప్రయాణములు ముఖ్యముగా చెన్నపట్టణపు డిపోనుండి సాగెను.

డిపోలో వైద్యుడు పరీక్షించును. కూలీ ముచ్చలిక మీద వ్రేలిముద్ర వేయును. తెరచాపల ఓడలో నెలన్నర అటునిటుగా ప్రయాణము. నల్లనీరు దాటిన కులము చెడునను భయము ఒకప్రక్క, ఓడలో వ్యాపించు విషజ్వరములు వేరొకప్రక్క. పోర్టు లూయీ ఒడ్డున 1849లో కట్టిన డిపోకు పదునారు మెట్లు కలవు. ఆ మెట్లెక్కినవానికి ఒక సంఖ్య యిత్తురు. ఆ చోటునకే నేడు ‘ఆప్రవాసీ ఘాట్’ అని పేరు. 2006లో అది ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడెను.

అచ్చటి జీవితము సుఖమైనదని నేను చెప్పను. ఒకదినము పనికి రానిచో రెండుదినముల కూలి కోసెడివారు. 1867నాటి చట్టముచేత, ముచ్చలిక తీరిన పాతకూలీ కూడ తన ఛాయాపటము అంటించిన పత్రము లేక బాటను నడచినచో ఠాణాకు పోవలసినదే. అదే కాలమున మలేరియా జ్వరము వ్యాపించి పదులవేలమందిని పొట్టబెట్టుకొనెను. ధనికులు జ్వరమునకు వెరచి చల్లని ఎత్తుప్రదేశమైన క్యూర్‌పీపునకు ఇండ్లు మార్చిరి. కూలీలు చెరకుచేల ప్రక్కనే నిలిచిరి. 1871లో అడాల్ఫ్ ద ప్లేవిట్సు అను తోట యజమాని పాతకూలీలచేత రాణీగారికి మహజరు పంపించెను. 1872లో విచారణసంఘము వచ్చి ఈ అన్యాయములను పరిశీలించెను. ముందుగా వాగ్దానము చేసిన ఉచిత తిరుగు ప్రయాణమును సర్కారువారు 1850 తరువాతి సంవత్సరములలోనే రద్దుచేసియుండిరి.

ఇంత కష్టమున్నచోట కాపురములు నిలిచెను. రంగము సంగతి చూడుడు. కళింగపట్నము, భీమునిపట్నము, విశాఖపట్టణము, కాకినాడ రేవులనుండి పొగయోడలు రంగమునకు పోవుచుండెను. ప్రయాణము కొలదిదినములే. కోతలైన పిమ్మట మేస్త్రి బయానా యిచ్చి మగవారిని కూడగట్టును. వారు రేవులో బస్తాలు మోసి, బియ్యపు మిల్లులలో పనిచేసి, రెండుమూడేండ్లకు చేతిలో నాలుగు రూకలతో వచ్చెదరు. ఆలుబిడ్డలు ఊరనే ఉందురు. మనియార్డరు వచ్చిననాడు ఇంట పండుగ, రానినాడు పస్తు. 1931 లెక్కలనాటికి రంగూను పట్టణమున సగమునకు పైగా భారతీయులే. అయినను అది మనవారికి ఊరు కాలేదు, పనిచోటుగానే నిలిచెను. 1930 మే నెలలో రేవుకూలీలగు మన తెలుగువారిపై బర్మావారు తిరుగబడగా నూరుగురికి పైగా మడిసిరి. 1941 డిసెంబరు 23వ తేదీని జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. లక్షలకొలది భారతీయులు అడవులును కొండలును దాటి కాలినడకను స్వదేశమునకు వచ్చిరి. దారిలో కూలినవారు వేలు. మన ఊళ్ళలో ‘రంగము పోయి మరి రాలేదు’ అనెడి మాట వినని పెద్దలు అరుదు.

ఈ రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో మూడు భేదములు నాకు కనబడుచున్నవి.

మొదటిది, స్త్రీ. ఆదిలో మారిషసు పోయినవారును దాదాపు పురుషులే. 1838-39లో ఈ వలసను నిలిపివేసి, 1842 చట్టముతో మరల తెరచిన పిమ్మట, సర్కారువారు ఇంతమంది పురుషులకు ఇంతమంది స్త్రీలుండవలెనని నిబంధనచేసి, ఆ లెక్కను క్రమముగా పెంచిరి. ఈ నిబంధన కేవలము దయచేత పుట్టినది కాదు. ఆలుబిడ్డలు ప్రక్కనున్న కూలీ తిరిగిపోడని తోటలవారు గ్రహించిరి. వారి లాభమునకు చేసిన యేర్పాటు మనవారికి వేరయ్యెను. స్త్రీ పోయినచోట పొయ్యి వెలిగెను, పశువు పాకలో చేరెను, పెరటిలో కూర పండెను. పాలమ్మిన కానులు పోగుపడెను.

రెండవది, భూమి. ఐరోపాలో బీటుదుంపలనుండి చక్కెర తీయుట ప్రబలగా చెరకుచక్కెర ధర పడిపోయెను. 1880 ప్రాంతమునుండి పెద్దతోటల యజమానులు దూరపు చెలకలను, రాతినేలలను ముక్కలుచేసి, వాయిదాల మీద అమ్ముటకు మొదలిడిరి. పాలకానులతో పాతకూలీలు ఆ ముక్కలను కొని, రాళ్ళేరి కుప్పలు పోసి, చెరకు నాటిరి. ఆ రాతికుప్పలు చేల నడుమ నేటికిని కలవు. తన పేర దస్తావేజు పుట్టిననాడు కూలీ రైతయ్యెను. హిందూపద్ధతిని జరిగిన పెండ్లి సర్కారు లెక్కలలో నమోదు కానిచో చట్టమునకు చెల్లకపోవుటచేత, బిడ్డలకు ఆస్తి సంక్రమించుటలో చిక్కులు కలిగెను. 1901లో గాంధీగారు దక్షిణాఫ్రికానుండి వచ్చుచు మారిషసులో కొలదిదినములు నిలిచి, బిడ్డలకు చదువు చెప్పింపుడని హితవు చెప్పిరి. 1907లో మణిలాల్ డాక్టరు అను న్యాయవాది అచ్చటికి పోయి కూలీల పక్షమున వాదించెను. ఆ భూమియు ఆ చదువును కలిసి, 1968 మార్చి 12వ తేదీని ఆ దేశము స్వతంత్రమగునాటికి కూలీల మనుమలను పౌరులను చేసెను.

మూడవది, దేవుడు. మన పెద్దలు ఇది విని తప్పక సంతోషింతురు. మారిషసు తెలుగువారు నేటికిని సింహాద్రి అప్పన్న పూజ చేయుదురు. అమ్మోరి పండుగ చేయుదురు. దీపము చుట్టు తిరుగుచు రామభజన పాడుదురు. ఉగాది అచ్చట దేశమంతటికిని సెలవుదినము. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దేశముననే జరిగెను. అప్పన్నను కొలుచువారు ఏ ప్రాంతమువారో మనకు వేరే సాక్ష్యమక్కరలేదు. గుడిలో దేవుని నిలిపినవాడు ఊరు విడిచిపోడు.

అయితే లాభముతోపాటు నష్టమును చెప్పకున్నచో చరిత్ర అసత్యమగును. ఇంటిలో మాటలాడు భాష క్రమముగా క్రియోలు అయ్యెను. తెలుగు పూజలోను పాఠశాలలోను మిగిలెను. అంతకంటె పెద్దనష్టము ఇంటిపేరు. డిపో గుమాస్తా పుస్తకమున సంఖ్య, కూలీ పేరు, తండ్రిపేరు, వయస్సు, ఎత్తు, పుట్టుమచ్చ, జిల్లా, తాలూకా, గ్రామము వ్రాసెను. మన ఇంటిపేరునకు ఆ పుస్తకమున గడి లేదు. తండ్రి పేరో తాత పేరో కుటుంబనామమయ్యెను. అందుచేత అచ్చట అప్పడు, అప్పన్న, అప్పలస్వామి అనునవి వంశనామములై కూర్చున్నవి. ఫ్రెంచిభాషలో పేరుగన్న నవలాకర్త్రి నతాషా అప్పన్న పేరు చివరనున్నది మన సింహాద్రినాథుని పేరే.

ఆ పుస్తకములు నేటికిని పోర్టు లూయీ సమీపమున మహాత్మాగాంధీ సంస్థలో భద్రముగా ఉన్నవి. మనుమలు తాతల సంఖ్యను పట్టుకొని గ్రామములను వెదకుచున్నారు. వారు వెదకునపుడు ఒక చిక్కు కలుగును. ఆ పుస్తకములలో శ్రీకాకుళము జిల్లా యను పేరు లేదు. శ్రీకాకుళము పట్టణము 1936 వరకు గంజాము జిల్లాలో, తరువాత విశాఖపట్టణము జిల్లాలో ఉండెను. శ్రీకాకుళము జిల్లా 1950లో, విజయనగరము జిల్లా 1979లో ఏర్పడెను. కావున గంజామనియు, విశాఖపట్టణమనియు ఉన్నచోటనే మన గ్రామములను వెదకవలెను. గ్రామనామములను ఇంగ్లీషు గుమాస్తా తన చెవికి వినబడినట్లు వ్రాసెను. ఆ వ్రాతను చదివి, ఇది మా పొరుగూరని గుర్తింపగలవారు మీవంటి పెద్దలే.

కావున పెద్దలకు నా విన్నపమిది. మీ వంశమున ఎవరు ఏ కరువునాడు ఓడ యెక్కిరో, ఎవరి పేరు చెప్పి మీ ముత్తవ్వ కన్నీరు పెట్టెడిదో, దానిని ఒక కాగితముపై వ్రాసియుంచుడు. పోయినవాని పేరు, అతని తండ్రిపేరు, ఇంటిపేరు, ఊరి పాతపేరు, ఇవి చాలును. వారి పుస్తకమున సంఖ్య కలదు, ఇంటిపేరు లేదు. మీ నోట ఇంటిపేరు కలదు, సంఖ్య లేదు. ఈ రెండును ఒకచోట చేరినగాని తెగిన చుట్టరికము అతుకదు. పుస్తకము అచ్చట ఇంకను ఎన్నియో యేండ్లుండును. నోటిమాటకు అంత ఆయుస్సు లేదు.