యోసెమిటీ: పటంలో లేని మనుషులు

వచ్చే అక్టోబరు చివరి వారంలో మేము ఎనిమిదిమందిమి యోసెమిటీ జాతీయోద్యానానికి బయలుదేరుతున్నాము. అందరమూ కాలిఫోర్నియాలో కొలువులు చేసుకుంటున్న తెలుగువాళ్ళమే. అందరికీ ఉన్న పిచ్చి ఒకటే, కెమెరా. మూడు రాత్రులూ నాలుగు పగళ్ళూ కొండలు, కోనలు, రంగు మారిన ఆకులు తప్ప మరో వ్యాపకం పెట్టుకోకూడదని నియమం పెట్టుకున్నాము.

ఎప్పటిలాగే పనులు పంచుకున్నాము. ఒకరికి బస, ఒకరికి కార్లు, ఒకరికి పులిహోర, పెరుగన్నాల ఏర్పాటు. నాకు అప్పగించిన పని ఏ రోజు ఏ వేళకు ఎక్కడ ట్రైపాడ్ నిలపాలో ఒక జాబితా తయారుచేయడం. "మీకు చరిత్రంటే ఇష్టం కదండీ, పాతవాళ్ళు ఎక్కడ నిలబడి తీశారో చూసి రాసేయండి. మనమూ అక్కడే నిలబడదాం" అన్నారు మా బృందంలోని పెద్దాయన. ఒక సాయంత్రం పని అనుకున్నాను. మూడు వారాలైంది. జాబితా పూర్తి కాలేదు గానీ, దాని వెనుక ఉన్న కథ మాత్రం నన్ను పట్టుకుని వదలడం లేదు. అది మీతో పంచుకుందామనే ఈ నాలుగు మాటలు.

ముందుగా పేరు సంగతి. ఆ లోయలో తరతరాలుగా బతికినవారు దానిని 'అవాహ్‌నీ' అని పిలుచుకున్నారు. నోరు తెరచినట్టుండే చోటు అని దానికి అర్థం చెబుతారు. 'యోసెమిటీ' అన్నది ఆ లోయవారిని ఉద్దేశించి ఇరుగుపొరుగు తెగలవారు వాడిన మాట. 'వాళ్ళు చంపేవాళ్ళు' అన్నది దాని భావం. బంగారం కోసం ఎగబడి వచ్చిన జనానికీ స్థానికులకూ ఘర్షణలు ముదిరినప్పుడు, 1851 మార్చిలో మారిపోసా బెటాలియన్ అనే పటాలం ఆ లోయలో అడుగుపెట్టింది. స్థానికుల గుడిసెలనూ, వారు ఏడాది తిండికి దాచుకున్న ఓక్ గింజల నిల్వలనూ తగలబెట్టింది. ఆ పటాలంలోని వైద్యుడు బన్నెల్ లోయకు యోసెమిటీ అని నామకరణం చేశాడు. తరువాత పైనున్న ఒక సరస్సుకు, బందీగా చిక్కిన తెగ పెద్ద టెనాయా పేరు పెట్టాడు. దానికి ఇదివరకే పేరుందని ఆ ముసలాయన చెప్పాడట. మెరిసే రాళ్ళు అని అర్థం వచ్చే పేరు. ఈ మాట బన్నెల్ తానే రాసిపెట్టాడు. మా జాబితాలో రెండవ రోజు ఉదయం 'టెనాయా సరస్సు' అని రాసినప్పుడు నాకీ సంగతి తెలియదు.

సైనికులు వచ్చిన ఎనిమిదేళ్ళకు కెమెరా వచ్చింది. 1859 జూన్‌లో చార్లెస్ వీడ్ అనే ఆయన యోసెమిటీ జలపాతాన్ని గాజుపలక మీద పట్టాడు. ఆ లోయకు తొలి ఛాయాచిత్రం అదే. అయితే ఆ లోయను లోకం కళ్ళ ముందు నిలిపినవాడు కార్ల్‌టన్ వాట్కిన్స్. 1861లో అతను చేసుకున్న ప్రయాణ సన్నాహం గురించి చదువుతుంటే, మా సంచుల బరువు గురించి మేము పడుతున్న తర్జనభర్జనకు నాకు సిగ్గువేసింది.

ఆ కాలంలో నెగెటివును పెద్దది చేసి అచ్చువేసే వీలు దాదాపు లేదు. ఎంత చిత్రం కావాలంటే అంత గాజుపలక ఉండాల్సిందే. ఆ కొండల ఎత్తు చూపాలంటే చిన్న పలక చాలదని వాట్కిన్స్ 18 అంగుళాలకు 22 అంగుళాల పలకలు పట్టే కెమెరా ప్రత్యేకంగా చేయించుకున్నాడు. పలకలు, రసాయనాలు, చీకటి గుడారం అన్నీ కంచరగాడిదల మీద కెక్కించి, బండిదారి కూడా లేని ఆ లోయలోకి దిగాడు. ఇక తీయడం మరో తపస్సు. కొలోడియన్ అనే జిగురు ద్రావకాన్ని పలకంతటా సమంగా పోయాలి. గుడారంలో సిల్వర్ నైట్రేట్ తొట్టిలో ముంచాలి. తడి ఆరకముందే కెమెరాలో పెట్టి బొమ్మ పట్టాలి. మళ్ళీ గుడారంలోకి పరుగెత్తి కడగాలి. ఇదంతా పది పదిహేను నిమిషాల్లో జరిగిపోవాలి. దుమ్ము పడిందా, శ్రమంతా వృథా. ఇన్ని అవస్థలు పడి ఆ ఏడు అతను తెచ్చిన పెద్ద పలకలు ముప్ఫై. మావాళ్ళు ఒక్క సూర్యోదయానికి మూడు వందలు తీస్తారు!

ఆ ద్రావకం కాంతిని నిదానంగా పట్టుకునేది కాబట్టి కదిలే నీరు పాలనురుగులా వచ్చేది. నీలిరంగుకు అతిగా స్పందించేది కాబట్టి ఆకాశం తెల్లగా, ఖాళీగా మిగిలేది. ఇప్పుడు అదే పాలనురుగు కోసం మేము నల్లటి ఫిల్టర్లు డబ్బు పోసి కొనుక్కుంటున్నాము. అతనికి తప్పనిసరి అయినది మాకు సొగసైంది.

ఆ చిత్రాలను 1862 చివర న్యూయార్కులో ప్రదర్శించారు. అమెరికాలో అంతర్యుద్ధం నడుస్తున్న రోజులవి. 1864 ఫిబ్రవరిలో ఓడల కంపెనీ ప్రతినిధి రేమండ్, ఆ లోయను కాపాడాలని సెనేటర్ కానెస్‌కు ఉత్తరం రాస్తూ, దానితో పాటు లోయ దృశ్యాలు కొన్ని పంపాడు. అదే ఏడాది జూన్ 30న లింకన్ సంతకంతో లోయా, మారిపోసా మహావృక్షాల తోపూ ప్రజల విహారం కోసం శాశ్వతంగా కాలిఫోర్నియా రాష్ట్రం చేతికి వచ్చాయి. చిత్రాలు చూసి లింకన్ చలించిపోయాడని కథలుగా చెబుతుంటారు. నేను అంత దూరం పోను. కానీ చట్టం చేసినవారిలో అత్యధికులు ఆ లోయను కంటితో చూసినవారు కారు. వారి ఎదుట ఉన్నవి చిత్రాలూ, వర్ణనలే. చుట్టుపక్కల కొండలు 1890లో జాతీయోద్యానమయ్యాయి. 1906లో లోయ కూడా అందులో కలిసింది.

వాట్కిన్స్‌కు మాత్రం ఆ లోయ ఏమీ మిగల్చలేదు. అప్పుల్లో మునిగి 1870ల నడుమ తన చిత్రశాలనూ, నెగెటివులనూ పోగొట్టుకున్నాడు. అవి చేతికి వచ్చిన టేబర్ అనే మరో ఛాయాగ్రాహకుడు వాటిని తన పేరుతోనే అచ్చువేసి అమ్ముకున్నాడు. వాట్కిన్స్ మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టి తీసినవి 1906 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపం వెంట వచ్చిన మంటల్లో కాలిపోయాయి. అప్పటికే అతనికి చూపు దాదాపు పోయింది. 1910లో నాపా మానసిక చికిత్సాలయంలో చేర్చారు. 1916లో అక్కడే కన్నుమూశాడు.

ఆ 1916 వేసవిలోనే పద్నాలుగేళ్ళ కుర్రవాడొకడు తల్లిదండ్రులతో యోసెమిటీకి వచ్చాడు. వాళ్ళు అతని చేతిలో ఒక కొడాక్ బ్రౌనీ డబ్బా కెమెరా పెట్టారు. అతనే ఆన్సెల్ ఆడమ్స్.

మా బృందానికి నేను వినిపించదలచుకున్న కథ ఆడమ్స్ 1927 ఏప్రిల్ 10న చేసిన ప్రయాణం. అదీ మాలాగే ఒక గుంపు ప్రయాణమే, ఐదుగురు మిత్రులు. బరువైన కెమెరా, పన్నెండు గాజుపలకలు మోసుకుని, మంచు పట్టిన కొండ ఎక్కి హాఫ్ డోమ్ బండ ఎదుటికి చేరేసరికి మిగిలినవి రెండే పలకలు. మొదటిది మామూలుగా పసుపు ఫిల్టరుతో తీశాడు. తీసిన మరుక్షణమే, తన మనసులో ఉన్న కొండ అది కాదని తెలిసిపోయింది. చివరి పలకకు ముదురు ఎర్ర ఫిల్టరు తగిలించి ఐదు సెకన్లు కాంతి సోకనిచ్చాడు. ఆకాశం నల్లబడింది, బండ భయం గొలిపేటట్టు నిలబడింది. సన్నాహమంటే సామాను సర్దుకోవడం మాత్రమే కాదు, ఏం చూడబోతున్నామో ముందు లోపల తేల్చుకోవడం అని ఆ రెండు పలకలూ చెబుతాయి.

ఇంతవరకూ చదివి ఉత్సాహంగా జాబితా రాయబోయాను. మొదటి పేరు టన్నెల్ వ్యూ. తీరా చూస్తే, ఆ మెట్ట 1933లో కొండను తొలిచి సొరంగం వేసినప్పుడు ఏర్పడినది. లోకమంతా 'సహజ సౌందర్యం' అని చూసే దృశ్యానికి మన కాళ్ళ కింద నేల రోడ్డుపనివాళ్ళు వేసినది! సరే, అది చిన్న విషయం. అంతకన్నా పెద్ద విషయం ఎదుటి పచ్చిక బయళ్ళలో ఉంది.

1860ల నాటి వాట్కిన్స్ చిత్రాలనూ ఇప్పటి చిత్రాలనూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. అప్పటి లోయ విశాలంగా, ఓక్ చెట్లు దూరదూరంగా నాటిన తోటలా ఉంటుంది. ఇప్పుడు చాలాచోట్ల పైన్, సీడర్ చెట్లు కిక్కిరిసి ఉన్నాయి. కారణం ఏమిటి? అవాహ్‌నీ వాసులు ఏటా ఆ నేలకు చిన్న చిన్న మంటలు పెట్టేవారు. మంటకు పొదలూ, పైన్ మొలకలూ పోయేవి, ఓక్ బతికేది. ఓక్ గింజ వారి అన్నం. దానిని దంచి, వగరు పోయేదాకా నీళ్ళు పోసి వండుకునేవారు. లోయకు తొలి సంరక్షకుడైన గేలెన్ క్లార్క్, తాను మొదట వచ్చినప్పుడు లోయ ఎంత తెరిపిగా ఉండేదో, అది ఇండియన్ల మంటల ఫలితమని వృద్ధాప్యంలో రాశాడు. వారిని వెళ్ళగొట్టారు, మంటలను నిషేధించారు, అడవి కమ్ముకుంది.

అంటే వాట్కిన్స్ పలక మీద పడినది మనిషి చేయి సోకని ప్రకృతి కాదు, ఒక సాగుభూమి. తోట కనబడుతుంది, తోటమాలి కనబడడు. అతని పెద్ద పలకల్లో మనుషులు లేరనే చెప్పాలి. 1872లో వచ్చిన మైబ్రిడ్జ్ కొందరు స్థానికులను చిత్రించాడు, కానీ వింత వస్తువులుగానే. దృశ్యానికి అడ్డొచ్చిన చెట్లను అతను ఇరవైల లెక్కన నరికించాడని ఆనాటి పత్రిక మెచ్చుకోలుగానే రాసింది. ఆడమ్స్ ప్రసిద్ధ చిత్రాల్లో మనిషి అడుగుజాడ కూడా ఉండదు. వీరిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ చిత్రాలు లేకపోతే ఆ లోయలో ఇప్పుడు ఏముండేదో ఊహించలేము. ఆడమ్స్ చిత్రాల పుస్తకం 1940లో కింగ్స్ కాన్యన్ జాతీయోద్యానం ఏర్పడడానికి తోడ్పడింది కూడా. అయితే ఆ ఖాళీ చిత్రాలు చూసి చూసి, ఉద్యానవనమంటే ఖాళీగానే ఉండాలని అందరూ నమ్మారు. చిత్రంలో లేనివారు నేల మీద కూడా ఉండనవసరం లేదన్న చోటికి ఆ నమ్మకం చేరింది.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. పటాలం దాడి తరువాత కూడా కొన్ని కుటుంబాలు లోయకు తిరిగి వచ్చి, హోటళ్ళలో పనిచేస్తూ, బుట్టలు అల్లి అమ్ముకుంటూ బతికాయి. ఉద్యానవనంలో ఉద్యోగం లేనివారికి ఇల్లు లేదన్న నియమంతో వారిని ఒక్కొక్కరినే పంపేశారు. 1969 నాటికి వారి పల్లెలో ఇళ్ళన్నిటినీ తొలగించారు. దాదాపు యాభై ఏళ్ళకు, 2018లో, అదే స్థలంలో తమ పల్లెను తిరిగి కట్టుకునేందుకు ఆ వంశస్థులకూ ఉద్యానవనానికీ ఒప్పందం కుదిరింది.

నిన్న రాత్రి పెద్దాయనకు ఫోను చేసి ఇదంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత "అయితే ఏం చేద్దామంటారు? ఫొటోలు తీయడం మానేద్దామా?" అన్నారు.

మానవద్దు అన్నాను. మా ఊరు నాగార్జునసాగర్ నీళ్ళ అవతలి గట్టున ఉంది. చిన్నప్పుడు ఆ నీళ్ళను చూసి ఎంత అందమో అనుకునేవాణ్ణి. దాని కింద ఊళ్ళు మునిగాయని మా నాయనమ్మ చెప్పాక కూడా నీళ్ళ అందం తగ్గలేదు. కానీ 'ఎంత అందం' అని మాత్రమే అనుకుని ఊరుకోవడం మళ్ళీ నా వల్ల కాలేదు. ఆయన కృష్ణా తీరం వారే. ఇంకేమీ అడగలేదు.

జాబితా ఈ ఉదయం పంపాను. టన్నెల్ వ్యూ ఉంది, వాట్కిన్స్ పేరు పెట్టిన కొండ నీడ పడే మిర్రర్ లేక్ ఉంది, నీళ్ళుంటే. అక్టోబరు గనుక జలపాతం మీద ఆశ పెట్టుకోవద్దనీ, జాతీయోద్యానాల్లో డ్రోన్లు నిషిద్ధమనీ, పచ్చిక బయళ్ళు తొక్కవద్దనీ రాశాను. టెనాయా సరస్సు పక్కన దాని పాత పేరు భావం రాశాను. మూడవ రోజు ఉదయం, వెలుగు బాగుండే గంటలోనే, మ్యూజియం వెనుక అవాహ్‌నీ పల్లె నమూనా చూడాలని చేర్చాను.

ఆ లోయ బండల్లో గుండ్రటి గుంటలు ఇప్పటికీ ఉన్నాయి. ఆడవాళ్ళు కూర్చుని ఓక్ గింజలు దంచిన రోళ్ళు. మా నాయనమ్మ వాకిట్లో ఉన్న రోలు లాంటివే, కాకపోతే కొండలోనే తొలిచినవి. ఆ ఉదయం నా ట్రైపాడ్ వాటి ముందు నిలుపుతాను. చిత్రం గొప్పగా రాకపోవచ్చు. వచ్చినా రాకపోయినా తిరిగి వచ్చాక మీకు చూపిస్తాను.