జోడేఘాట్ పోరు: కదలిక, పరస్పర రక్షణ, నేల

ఉపోద్ఘాతం

ఆసిఫాబాద్ ప్రాంతపు జోడేఘాట్ గుట్టల్లో 1940లో కుమ్రం భీం నాయకత్వాన జరిగిన పోరాటాన్ని ‘గెరిల్లా యుద్ధం’ అనడం పరిపాటి. ఆ మాట తరచుగా గౌరవసూచకంగానే వాడబడుతున్నది. యుద్ధరీతిని తెలిపే పారిభాషిక పదంగా అది జోడేఘాట్‌కు ఎంతవరకు అన్వయిస్తుందో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

పరస్పర రక్షణ: దామనపల్లి నిదర్శనం

చిన్న పదాతి దళాల పోరులో మూలసూత్రం ఒకటి ఉన్నది. ఒక గుంపు కదులుతున్నంతసేపు మరొక గుంపు నిలిచి, కాల్పులతో శత్రువును తలెత్తనీయదు. తరువాత పాత్రలు మారతాయి. ముందు నడిచే వారికీ వెనుక వచ్చే వారికీ నడుమ చూపు, సంకేతం తెగిన క్షణాన ఆ రక్షణ కూలిపోతుంది.

మన్యంలో అల్లూరి సీతారామరాజు దళం ఈ బలహీనతనే పట్టుకొన్నది. 1922 ఆగస్టు 22 నుండి 24 వరకు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా దాడిచేసి తుపాకులు సేకరించింది. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో ముందు నడిచిన భారతీయ పోలీసులను పోనిచ్చి, వెనుక వచ్చిన అధికారులపై గురిపెట్టింది. స్కాట్ కవర్డ్, హేటర్ అక్కడే మరణించారు. ఇరుకు దారిలో ముందుకు సాగిపోయిన వారు వెనుకవారికి అండ కాలేకపోయారు. స్వదేశీయుల ప్రాణాలు తీయరాదన్న నైతిక నియమమూ, శత్రుదళాన్ని రెండుగా చీల్చే వ్యూహమూ ఇక్కడ ఒకే చర్యలో కలిశాయి. దాడి ముగియగానే ఆ చోటు విడిచిపోగలగడం ఈ రీతికి ప్రాణం. 1924 మేలో రాజు మరణించేవరకు పోరు సాగడానికి ఈ సంచారశక్తి ఒక ముఖ్యకారణం.

జోడేఘాట్: విడువరాని చోటు

జోడేఘాట్ పరిస్థితి వేరు. భీం వెంట నిలిచిన పన్నెండు గూడేల గోండులు, కోలాములు కోరినది సాగుచేసుకొన్న నేలపై హక్కు, అటవీ సిబ్బంది వేధింపుల నుండి విముక్తి. పంట, పశువులు, పిల్లలు, దైవాలు ఉన్న గూడెం రాత్రికి రాత్రి కొండ మారలేదు. గుట్టను విడిస్తే ప్రాణం దక్కవచ్చునేమో గాని, ఏ నేలకోసం ఆయుధం పట్టారో ఆ నేల చేజారుతుంది.

ఆయుధాల తేడా దీనికి తోడైంది. మందు దట్టించే తుపాకీ పేలిన తరువాత మళ్లీ సిద్ధమయ్యేవరకు మౌనంగా ఉంటుంది. ఆ వ్యవధిలో పక్కవాడు కాల్చితేనే ఇద్దరికీ రక్షణ. తుపాకులు కొద్దిగా ఉన్నచోట అటువంటి అండ పలుచబడక తప్పదు. ఎదుట ఉన్నది నిజాం ప్రభుత్వపు సాయుధ పోలీసు బలగం. ఆ పోరులో భీం, ఆయన అనుచరులు కొందరు నేలకొరిగారు.

ముగింపు

కనుక జోడేఘాట్‌ను సంచార యుద్ధంగా కాక, నివాసభూమి రక్షణగా చదవడం సముచితం. ఇది భీం స్థానాన్ని తగ్గించదు. యుద్ధవిద్య తెలియక ఓడినవారన్న అభిప్రాయానికీ ఇది తావివ్వదు. కదలకపోవడం వారి లోపం కాదు, వారి కోరికలోనే ఉన్న నిబంధన. పోరాటం తరువాత నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను గిరిజనుల స్థితిగతుల అధ్యయనానికి నియోగించింది. అనంతరం ఆదిలాబాద్ గోండులకు భూమి పట్టాలు ఇచ్చే ప్రయత్నాలు సాగాయి. ప్రభుత్వపు జవాబు సైతం చివరికి నేల విషయంలోనే రావలసివచ్చింది. ‘గెరిల్లా’ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకొంటే ఆ నేల మన చూపునుండి తప్పిపోతుంది.