డిశ్చార్జి తర్వాతి వైద్య పర్యవేక్షణ

ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లిన రోగి మళ్లీ చేరాల్సిన పరిస్థితి రాకుండా ఓపీలోనో, ఫోన్‌లోనో, ఇంటి దగ్గరో అందించే వైద్య సేవ ఇది. మన ఆసుపత్రుల్లో 'రివ్యూ' అనేది దీన్నే. డిశ్చార్జి అయిన 30 రోజుల్లోపు తిరిగి చేరితే రీఅడ్మిషన్‌గా లెక్కించే పద్ధతి అమెరికాలో స్థిరపడింది. పరిశోధన కూడా ఎక్కువగా అక్కడిదే.

2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో స్టీఫెన్ జెంక్స్ బృందం ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ప్రధానంగా వృద్ధులకు వర్తించే ప్రభుత్వ బీమా మెడికేర్ కింద చికిత్స పొందినవారిలో 19.6 శాతం మంది నెల తిరక్కుండానే మళ్లీ చేరారు. అంతకన్నా విస్తుపోయే సంగతి మరొకటుంది. ఆపరేషన్ లేకుండా మందులతోనే చికిత్స పొంది, అలా తిరిగొచ్చినవారిలో సగం మంది మధ్యలో ఏ డాక్టరునూ కలిసినట్టు బిల్లు లేదు.

రోగం ముదరడం ఒక్కటే ఇందుకు కారణం కాదు. పాత మందుల చీటీకీ డిశ్చార్జి సమ్మరీకీ పొంతన కుదరదు. ఇంట్లో వాడుతున్న బీపీ మాత్రే కొత్త చీటీలో మరో బ్రాండు పేరుతో ఉంటే రోగి రెండూ మింగుతాడు. డిశ్చార్జి నాటికి రాని రక్తపరీక్ష ఫలితాన్ని తర్వాత పట్టించుకునేవారు ఉండరు. వీటికి తోడు ఆసుపత్రిలో నిద్ర చాలక, తిండి సహించక, కదలిక లేక వచ్చిన నీరసం. యేల్ విశ్వవిద్యాలయ హృద్రోగ నిపుణుడు హార్లన్ క్రుమ్‌హోల్జ్ 2013లో ఈ స్థితికి 'పోస్ట్ హాస్పిటల్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు.

గుండె వైఫల్యంతో చేరి వెళ్లినవారిని వారంలోపు చూడటం మంచిదంటారు. ఒంట్లో నీరు చేరుతున్న సంగతి ఆయాసం కంటే ముందు బరువులో తెలుస్తుంది. అందుకే రోజూ పొద్దున్నే బరువు చూసుకోమని, ఒక్క రోజులో కిలో, వారంలో రెండు కిలోలు దాటి పెరిగితే ఫోన్ చేయమని చెబుతారు. నీరు తగ్గించే మాత్ర మోతాదు మారిస్తే పొటాషియం, క్రియాటినిన్ కూడా చూడాలి. ఇంట్లోని మందులన్నీ సంచిలో వేసుకుని రమ్మని, ఒక్కో మాత్ర దేనికో రోగి చేతే చెప్పించడం మంచి పద్ధతి. రివ్యూలో అసలు పని ఆ సంచి విప్పడమే, స్టెతస్కోపు తర్వాతి సంగతి.

ఈ పనిని డాక్టరే చేయాలని లేదు. పెన్సిల్వేనియాలో మేరీ నేలర్ రూపొందించిన నమూనాలో నర్సులు రోగి ఇంటికి వెళ్తారు. బోస్టన్‌లోని 'ప్రాజెక్ట్ రెడ్'లో డిశ్చార్జికి ముందే నర్సు రివ్యూ తేదీ ఖరారు చేసేది, కొద్ది రోజులకు ఫార్మసిస్టు ఫోన్ చేసేవారు. దానివల్ల నెలలోపు ఎమర్జెన్సీకి రావడం, తిరిగి చేరడం కలిపి సుమారు 30 శాతం తగ్గాయి.

2010 నాటి ఆరోగ్య సంస్కరణల చట్టాన్ని అనుసరించి, రీఅడ్మిషన్లు మితిమీరిన ఆసుపత్రులకు మెడికేర్ 2012 అక్టోబరు నుంచి చెల్లింపుల్లో కోత పెట్టింది. ఇప్పుడు ఆ కోత గరిష్ఠంగా 3 శాతం. 2013 నుంచి రివ్యూకు విడిగా ఫీజు ఇస్తోంది. అయితే రెండు పనిదినాల్లో రోగిని పలకరించాలి, తీవ్రతను బట్టి 7 లేదా 14 రోజుల్లో చూడాలి.

కోతపై విమర్శలూ ఉన్నాయి. రీఅడ్మిషన్లు తగ్గినా గుండె వైఫల్యం రోగుల మరణాలు పెరిగాయని కొందరు పరిశోధకులు చూపారు, మరికొందరు ఒప్పుకోలేదు. న్యూజెర్సీలోని కామ్డెన్‌లో పదేపదే ఆసుపత్రి పాలయ్యే 800 మందిపై జరిగిన ప్రయోగం ఫలితాలు 2020లో వచ్చాయి. ఆరు నెలల్లో తిరిగి చేరినవారు పర్యవేక్షణ అందినవారిలో 62.3, అందనివారిలో 61.7 శాతం. గూడు, తిండి, మత్తు అలవాట్ల వంటి చిక్కులున్నచోట రివ్యూ ఒక్కటే గట్టెక్కించలేదు.

తెలుగు నేలపై 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో కొన్ని చికిత్సలకు తర్వాతి సంప్రదింపులు, పరీక్షలు, మందులు కూడా చేర్చారు. కూలి పోతుందని రివ్యూ మానేసేవారికి ఇది సగం సాయమే. మిగతా సగం కోసం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 డిసెంబరులో 'ఆరోగ్య ఆసరా' తెచ్చింది. ఆపరేషన్ తర్వాత విశ్రాంతి తీసుకునే కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 5,000 రూపాయలు చెల్లించేలా ఆ పథకాన్ని రూపొందించారు.