నల్లమల దారుల్లో నడిచిన పాదాలు

వేసవి సెలవులు దగ్గర పడ్డాయంటే మన ఇళ్లలో రెండే మాటలు. ఒకటి ఆవకాయ. రెండోది, "ఎక్కడికైనా చల్లని చోటికి వెళ్దామా?" అని. పిల్లలు ఊటీ అంటారు. ఇంటాయన సెలవు దొరకదంటారు. కిందటి ఏడాది మా చిన్నమ్మాయి ఇంకోమాట అంది: "ఎవరూ నడవని కొండదారిలో వెళ్లి, ఎవరూ చూడని జలపాతం చూడాలమ్మా!" నాకు నవ్వొచ్చింది. ఎవరూ నడవని దారి ఎక్కడుంటుంది? మనకి కొత్త, అంతే.

ఆ మాటకి మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆవిడ పెళ్లయిన కొత్తలో ఆత్మకూరు వైపు నుంచి శ్రీశైలానికి నడిచి వెళ్లిన మనిషి. వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను అని దారిలో మజిలీల పేర్లు జపం చేసినట్టు చెప్పేది. నాగలూటిలో వీరభద్రుడికి దణ్ణం పెట్టి మెట్లెక్కాలి. భీమునికొలను దగ్గర మళ్లీ లోయలోకి దిగి, అంతకంత ఎక్కాలి. ఆ ఎక్కుడు అయ్యాక కైలాసద్వారం. "అక్కడ కూలబడి ఏడ్చానే, కాళ్లనొప్పికో సంతోషానికో తెలీదు" అనేది. మూటలో అటుకులూ బెల్లం, చేతిలో చెంబు. ఇంతకంటే సామానేం లేదు.

అమ్మమ్మ కంటే ముందు ఆ కొండల్లో నడిచిన ఆడవాళ్లు ఎందరో! పన్నెండో శతాబ్దంలో కన్నడదేశం నుంచి అక్కమహాదేవి వచ్చింది. ఇల్లూ సంసారమూ వదిలి, కల్యాణంలో శివశరణుల మధ్య కొంతకాలం ఉండి, చివరికి శ్రీశైలం అడవుల్లో కదళీవనం చేరిందంటారు. ఇప్పుడు పాతాళగంగ నుంచి లాంచీలో వెళితే ఆవిడ పేరుతో ఉన్న గుహలు చూడొచ్చు. లాంచీలో కూర్చుని వెళ్లిన మనకే ఎండకి కళ్లు తిరుగుతాయి. ఆవిడ ఒంటరిగా ఆ అడవిలో ఎలా తిరిగిందో!

తర్వాతి తరంలో పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శ్రీశైలయాత్ర గురించి ఏకంగా ఒక ప్రకరణమే రాశాడు. పద్నాలుగో శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి అహోబిలానికీ శ్రీశైలానికీ మెట్లు కట్టించాడు. ఇవి మన పిల్లలు బళ్లో చదివేవే. అంత ప్రచారంలోకి రాని పేరొకటి చెబుతాను. విఠలాంబ. విజయనగర ప్రభువు రెండో హరిహరరాయల రాణి. గుడి నుంచి కృష్ణ ఒడ్డుకి, అంటే పాతాళగంగకి, 1393లో మెట్లు కట్టించింది ఈవిడే. తలమీద బిందెతో ఆ ఏటవాలు దిగి ఎక్కడమంటే ఏమిటో ఆడదానికి తెలుస్తుంది కదా అనిపిస్తుంది నాకు. ఇది నా ఊహేలెండి, శాసనంలో ఉన్నమాట కాదు. శ్రీశైలం ఆనకట్ట కట్టాక కృష్ణనీళ్లు పైకొచ్చి అడుగుమెట్లు మునిగాయి. పైన మిగిలినవాటి పక్కనుంచే ఇప్పుడు తీగమార్గంలో బండ్లు తిరుగుతున్నాయి. మెట్లెక్కేవాళ్లు తగ్గిపోయారు.

మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే 18న కాశీకి బయలుదేరారు. చూడండి, నడివేసవి! కుటుంబం, పరివారం కలిపి దాదాపు నూరుమంది. తిరుపతి, కడప, అహోబిలం మీదుగా శ్రీశైలం చేరి, అక్కణ్ణించి హైదరాబాదు దారి పట్టారు. ఆ రోజుల్లో శ్రీశైలం కందనూరు నవాబు ఏలుబడిలో ఉండేది, యాత్రికుల దగ్గర పన్ను వసూలు చేసేవారు. 1831 సెప్టెంబరులో ఇల్లు చేరిన ఆయన ప్రయాణం 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయింది. ఆయన పల్లకీ ఎక్కారు, రాసుకున్నారు. ఆ బిడారులో పొయ్యి రాజేసి ఇంతమందికి వండినవాళ్లు ఏం రాసేవారో! వాళ్ల రాతలేవీ మనకి దక్కలేదు.

ఈ దారులన్నిటికీ అసలు యజమానులు చెంచులు. మల్లన్న వాళ్లకి చెంచుమల్లయ్య, ఇంటల్లుడు. హైమండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పండితుడు 1940లో అమ్రాబాదు పీఠభూమి మీద చెంచుల మధ్య ఉండి, 1943లో వారిమీద పుస్తకం అచ్చువేశాడు. ఆయన వెంట భార్య బెట్టీ కూడా వచ్చింది. పుస్తకం మీద పేరు ఆయనదే, కానీ చెంచు ఆడవాళ్ల గుడిసెల్లో కూర్చుని మాట్లాడాలంటే ఆవిడ లేందే సాగుతుందా? తర్వాత ఆవిడ ఆదిలాబాదు గోండుల మధ్యా చాలాకాలం పనిచేసి 1987లో హైదరాబాదులో పోయింది. సమాధి మార్లవాయి గూడెంలో ఉంది.

ఇక మా చిన్నమ్మాయి కోరిక. వేసవిలో నల్లమలలో జలపాతమంటే సలేశ్వరమే. నాగర్‌కర్నూలు జిల్లాలో, హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో మన్ననూరు దాటాక అడవిలోకి తిరగాలి. పులుల అభయారణ్యం కనుక ఏడాది పొడుగునా పోనివ్వరు. చైత్రపౌర్ణమి జాతరకి మాత్రం కొద్దిరోజులు దారి తెరుస్తారు. ఈమధ్య ఆ రోజులు కూడా తగ్గించారు, వెళ్లేముందు కనుక్కోండి. బండి ఆగిన చోటు నుంచి నడకే. గులకరాళ్లు, ముళ్లపొదలు, ఒకపక్క కొండ, ఒకపక్క లోయ. కొన్నిచోట్ల ఒక్కమనిషి పట్టేంత దారి. పోయేవాళ్లు "వస్తున్నాం లింగమయ్యా" అంటారు, తిరిగొచ్చేవాళ్లు "పోయొస్తాం లింగమయ్యా" అంటారు. ఆ రెండు కేకలూ ఇరుకుదారిలో ఎదురెదురు పడుతుంటే అలసట తెలియదు. మా ముందు ఒక ముసలమ్మ కర్ర పట్టుకుని వట్టికాళ్లతో దిగుతోంది. నేను ఖరీదైన బూట్లేసుకుని మూడుసార్లు జారాను.

లోయ అడుగున రెండు కొండల నడుమ, నిప్పులు చెరిగే ఎండాకాలంలో, పైనుంచి నీళ్లు పడుతున్నాయి! వానలకి అడవినేల తాగిన నీరు రాతిపగుళ్లలో దిగి ఊటై వస్తుంది. అడవి ఉన్నన్నాళ్లే ఆ ఊట. కింద గుండం, పక్కన గుహలో లింగమయ్య, పూజారి చెంచు. ఆ చల్లటినీళ్లు నెత్తిన పడ్డాక మా అమ్మాయి అరగంట దాకా కదలనంటే కదలనంది.

వెళ్లదలచినవాళ్లు తెల్లవారుజామునే నడక మొదలుపెట్టండి. మజ్జిగ, ఉప్పూ పంచదార కలిపిన నీళ్లు తీసుకెళ్లండి. సీసాలు మళ్లీ మీ సంచిలోనే వెనక్కి తెచ్చేయండి. చంటిపిల్లలతో మాత్రం సాహసం చేయొద్దు, ఆ తొక్కిసలాటలో కష్టం.

తిరుగుదారిలో నీడకి కూర్చున్నాం. పక్కన ఒక చెంచు పెద్దావిడ బుట్ట దించుకుని సేద తీరుతోంది. మా అమ్మాయి ఊరుకుందా! "ఈ జలపాతాన్ని మొదట ఎవరు కనుక్కున్నారు అవ్వా?" అని అడిగింది.

ఆవిడ దాన్ని ఎగాదిగా చూసి, "కనుక్కునుడేంది బిడ్డా? మేం తాగే నీళ్లే గదా!" అని, బుట్ట నెత్తికెత్తుకుని మాకంటే ముందే కొండెక్కిపోయింది.